ఆ మూడు రోజులూ చరఖా తిరిగింది

మా శాఖలో పనిచేసి రిటైరైనవాళ్ల చేత ఒక పత్రికలో ఉద్యోగ జ్ఞాపకాలు రాయిస్తున్నారని నాకు తెలిసి చాలాకాలమైంది. నాతోపాటు చేరినవాళ్లు రాశారు. నా కింద పని నేర్చుకున్నవాళ్లు రాశారు. ఒకాయన తన జీపు గురించే రెండుసార్లు రాశాడు. నన్ను ఎవరూ అడగలేదు. అడ్రసు దొరకలేదేమోనని చింతామణిలోని మా ఇంటి చిరునామా నేనే రాసి పంపాను. అది అందిందని కూడా ఎవరూ తిరిగి రాయలేదు. ముప్పై నాలుగేళ్లు మల్బరీ ఆకుతోటల్లో, పట్టుపురుగుల కొట్టాల్లో, గూడు మార్కెట్లో తిరిగినవాడికి చెప్పుకోవడానికి ఏమీ ఉండదనుకున్నారో, ఉన్నా అది ఫిర్యాదే అయి ఉంటుందనుకున్నారో తెలియదు. రెండోది అనుకుని ఉంటే పొరపాటు పడలేదు. అయినా రాస్తున్నాను.

దసరా వెళ్లిన మరుసటి సోమవారం నన్ను అంతర్జాతీయ జౌళి ప్రదర్శన పనికి నియోగిస్తూ ఉత్తర్వు వచ్చింది. అప్పుడు నేను శిడ్లఘట్టలో రేష్మె విస్తరణాధికారిని. రేష్మె అంటే పట్టు. రిటైరవడానికి పద్నాలుగు నెలలు ఉంది. బయటివాళ్ల కోసం చెబుతున్నాను: మా శాఖలో అన్నిటికన్నా కింద ప్రదర్శకుడు ఉంటాడు. రైతు ఇంటికి వెళ్లి పురుగులకు ఆకు ఎలా వేయాలో, కొట్టం ఎలా కడగాలో చేసి చూపించేవాడు. ఆ పైన ఇన్‌స్పెక్టరు, ఆ పైన విస్తరణాధికారి, ఆ పైన సహాయ నిర్దేశకుడు. నేను బాగేపల్లిలో ప్రదర్శకుడిగా చేరి విస్తరణాధికారి దగ్గర ఆగిపోయాను. ఎందుకు ఆగిపోయానో వేరే సంగతి. దానికి వేరే ఫైలు ఉంది.

నియోగించారంటే జీతం మా శాఖది, ఆజ్ఞ ప్రదర్శన సమితిది. ఆ సమితికి ఒక సమన్వయాధికారి ఉండేవాడు. ఏ స్టాలు ఎక్కడ, ఎవరికి, అన్నీ ఆయన సంతకం మీద నడిచేవి. మనిషి మంచివాడు. ఎదురుపడితే కూర్చోబెట్టి కాఫీ తెప్పించేవాడు. ఉత్తరానికి మాత్రం జవాబు రాసేవాడు కాదు.

ఆ ప్రదర్శనకు నేను అంతకుముందు తొమ్మిదిసార్లు వెళ్లాను. బెంగళూరు నడుమ ఒక మైదానంలో డేరాల కింద జరిగేది. విదేశాల నేత యంత్రాలు, రంగుల కంపెనీలు ముందు వరసల్లో ఉండేవి. మాకు అన్నిటికన్నా వెనుక, నీళ్ల ట్యాంకరు ఆగే చోట, ఒక మూల ఇచ్చేవారు. ఆ మూలలో శిడ్లఘట్ట మునిరత్నమ్మ చరఖా పెట్టుకుని పట్టుగూళ్ల నుంచి దారం తీసి చూపించేది.

మునిరత్నమ్మ రీలరు. అంటే మార్కెట్లో గూళ్లు కొని, దారం తీసి అమ్మే లైసెన్సు ఉన్న మనిషి. ఆ పని చూడనివాళ్ల కోసం కాస్త వివరిస్తాను. పొయ్యి మీద మరిగే నీళ్ల తొట్టిలో గూళ్లు వేస్తారు. వేడికి గూటిని పట్టి ఉంచిన బంక మెత్తబడుతుంది. సన్నటి పుల్లల కట్టతో నీళ్ల మీద తడితే గూళ్ల కొసలు దానికి చిక్కుకుంటాయి. పది పన్నెండు గూళ్ల కొసలను ఒకటిగా కలిపి చక్రానికి ఎక్కిస్తారు. చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఒక గూడు అయిపోగానే ఇంకో గూటి కొసను విసిరి ఆ దారానికి అతికించాలి. దారం లావు మారకూడదు, తెగకూడదు. ఇదంతా మరిగే నీళ్లలో వేళ్లు పెట్టి చేయాలి. మునిరత్నమ్మ చేయి నీళ్లలోకి పోవడం, రావడం నా కంటికి విడివిడిగా కనబడడానికి నాకు మూడేళ్లు పట్టింది.

ఇప్పుడు శిడ్లఘట్టలో చాలా కొట్టాల్లో యంత్రాలే. ఆమె కొట్టంలో కూడా అల్లుడు ఒకటి పెట్టించాడు. దానికి సిఫారసు రాసింది నేనే. పనికి అదే మేలు, అందులో సందేహం లేదు. చరఖా ఒక మూలకు చేరింది. ఏడాదికోసారి ప్రదర్శనకు మాత్రం నూనె పెట్టి బయటికి తీసేది. ఒకసారి నేను, ఇంత కష్టం ఎందుకు, ఈసారి యంత్రాన్నే పంపిద్దామా అని అడిగాను.

“పంపించప్పా, దానికి మొగముంటే,” అంది. “యేడాది పొడుగునా మార్కెట్లో నా దారం సూస్తారు. కట్ట విప్పి, లాగి, మూతి తిప్పి సూస్తారు. నన్ను సూసేది ఆ మూడు దినాలే. యాడాడి దేశాలోళ్లో వచ్చి నా చెయ్యి సూస్తా నిలబడతారు. అది గూడా పీకేస్తావా?”

నన్ను నియోగించిన ఆ యేడు ప్రదర్శన చోటు మారింది. చిక్కబళ్లాపురం దాటి పేరేసంద్రకు పోయే దారిలో, హైవే పక్కన కొత్తగా కట్టిన పెద్ద హాలుకు. మా వైపు అందరికీ సంబరమే. బాగేపల్లి బస్సెక్కితే ప్రపంచాన్ని చూసి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. నాక్కూడా సంబరంగానే ఉండేది, ఆ హాలు నిబంధనల పుస్తకం చదివేదాకా. లోపల పొయ్యి పెట్టకూడదు. పొగ రాకూడదు. నేల తడవకూడదు. వీటన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ప్రత్యక్షంగా చేసి చూపిస్తామని రాసుకున్న స్టాలు మూడు రోజులూ నడవాలి. నడవలేదని నమోదైతే ఆ చోటు మరుసటి యేడు ఇంకొకరికి పోతుంది.

పొయ్యికి బదులు కరెంటు తొట్టి చేయించడానికి నేను హాలువాళ్ల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకున్నాను. చింతామణిలో ఒక షాపులో చెప్పి చేయించాను. మునిరత్నమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి, “ఆస్పత్రి సామాను మాదిరి ఉండాది,” అంది. కానీ నీళ్లు మరిగాక వేలు ముంచి చూసి, పరవాలేదని తలూపింది. నీళ్లు మాత్రం తన కొట్టం బావివే డ్రమ్ముల్లో తెచ్చుకుంటానని పట్టుబట్టింది. హాలు నీళ్లలో దారం తెగుతుందని ఆమె నమ్మకం. నీటి గుణాన్ని బట్టి దారం మారడం నిజమే కాబట్టి దానికి కూడా అనుమతి అడుగుతూ సమన్వయాధికారికి ఉత్తరం రాశాను. దానికి జవాబు రాలేదు. ఆమె మాత్రం నన్ను అడగకుండానే డ్రమ్ములు పంపించేసింది.

ఇక గూళ్ల సంగతి. పురుగు గూడు కట్టడం మొదలుపెట్టిన పది పన్నెండు రోజులకు రెక్కలొచ్చి, గూటికి చిల్లు చేసుకుని బయటికి వస్తుంది. దాన్ని మా వైపు చిట్టె అంటారు. చిల్లు పడిన గూటి నుంచి దారం తీయడం కుదరదు. గూడంతా ఒకే పోగు కదా, అది ముక్కలైపోతుంది. గూళ్లు మార్కెట్టుకు వచ్చేసరికే ఆరు రోజులు గడిచి ఉంటాయి. అందుకే రీలర్లు కొన్న వెంటనే ఆవిరి పట్టించి లోపలి పురుగును చంపేస్తారు. చదివేవారికి కఠినంగా తోచవచ్చు. పట్టు పని అదే, దాచి చెప్పడం నాకు చేతకాదు.

సమితి ఇచ్చిన సామాను జాబితాలో మాత్రం ‘జీవమున్న గూళ్లు’ అని ఉంది. ఒక గూటిని కోసి లోపలి పురుగును కూడా చూపించాలని వాళ్ల ఉద్దేశం. రేపు ప్రారంభమనగా నేను శిడ్లఘట్ట మార్కెట్లో మంచి తెల్ల గూళ్లు ఒక పెద్ద బుట్టెడు తెచ్చి మా శాఖ కచేరీలో పెట్టాను. ఆ మధ్యాహ్నమే ఫోనులో సందేశం వచ్చింది. హాలుకు అగ్నిమాపక అనుమతి ఇంకా రాలేదు, ప్రారంభం నాలుగు రోజులు వాయిదా.

నాలుగు రోజులంటే గూటికి పదకొండో రోజు. నేను వెంటనే సమన్వయాధికారికి ఉత్తరం రాసి మనిషి చేత పంపాను. జాబితా ప్రకారం జీవమున్న గూళ్లు కొన్నాను, వాయిదా వల్ల చిట్టెలు బయటికి వచ్చే అవకాశం ఉంది, ఆవిరి పట్టించడానికి ఆదేశం ఇప్పించగలరు అని. మరునాడు గుర్తుచేస్తూ ఉత్తరం రాశాను. ఆ మరునాడు ఇంకొకటి రాశాను. ఫోను చేస్తే ఆయన మీటింగులో ఉన్నారన్నారు.

మునిరత్నమ్మ రెండో రోజే కచేరీకి వచ్చింది. బుట్టలో చేయి పెట్టి ఒక గూడు తీసి చెవి దగ్గర ఆడించింది.

“ఆవిరి పెట్టిద్దాం రా సార్. మా కొట్టంలో అర్ధగంట పని.”

ఆర్డరు రావాలన్నాను.

“పురుక్కి ఎవురన్నా చెప్పినారా, ఆర్డరు వచ్చేదంకా లోపలే ఉండమని?”

నేను నవ్వలేదు. నా పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు తెలియదు. బాగేపల్లిలో ఉద్యోగంలో చేరిన ఐదో ఏట పురుగులకు రోగం తగిలింది. గోడౌనులోని మందు పొడిని నేను పైఆజ్ఞ కోసం ఆగకుండా రైతులకు పంచేశాను. చాలా పురుగులు బతికాయి. నాకు మాత్రం నోటీసు వచ్చింది, అనుమతి లేకుండా గోడౌను సరుకు ఎందుకు కదిలించావని. రైతులు బాగుపడ్డారన్న మాట ఆ నోటీసులో ఎక్కడా లేదు. దానికి నేను రాసిన సమాధానం నాలుగు పుటలు. ఆ రోజు నుంచి రాతలో లేని పని చేయకూడదని నిర్ణయించుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్లు ఆ నియమం తప్పలేదు. గూళ్లకోసం కూడా తప్పలేదు.

ప్రారంభం రోజు పొద్దున ఏడు గంటలకే హాలు చేరాం. గేటు దగ్గర నా మెడలో వేసిన కార్డు మీద ‘సందర్శకుడు’ అని ఉంది. స్టాలు నడిపేవాడినని చెబితే, సరిచేసి పంపుతామన్నారు. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అది కూడా సరిచేయలేదు.

హాలు లోపల ఎండా లేదు, గాలీ లేదు, ఎటు చూసినా తెల్లటి దీపాలు. మా పక్క స్టాలు కంబళ్లది. బాగేపల్లి అవతలి పల్లె నుంచి వచ్చిన గంగులప్ప అనే పెద్దాయన గొర్రె ఉన్నిని కదురు మీద వడికి చూపించడానికి వచ్చాడు. ఆయన తన దుప్పట్లు పరుచుకుంటున్నాడు, నేను బుట్ట మీది గుడ్డ తీశాను.

మూడో వంతు గూళ్లకు చిల్లులు పడ్డాయి. చిట్టెలు బయటికి వచ్చి బుట్ట అంచు మీద, గుడ్డ మడతల్లో, మేం పంచడానికి తెచ్చిన కరపత్రాల మీద కూర్చున్నాయి. తెల్లగా, లావుగా, మెత్తటి నూగుతో ఉంటాయవి. మగవి ఒకచోట నిలవకుండా రెక్కలు టపటపలాడిస్తూ తిరుగుతున్నాయి. కొన్ని అప్పుడే జతకట్టేశాయి. ఉద్యోగమంతా వాటిని చూసినవాణ్ని, అంత అందంగా ఎప్పుడూ కనబడలేదు. అంత సిగ్గుగా కూడా ఎప్పుడూ అనిపించలేదు.

మునిరత్నమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

“సూడప్పా, మీ ఆర్డరు వచ్చేలోపల పెండ్లిండ్లే అయిపోతాండాయి.”

పక్క నుంచి గంగులప్ప అందుకున్నాడు. “ఏమమ్మా, నీ చుట్టాలు నా కంబళి ఎక్కతాండారు.”

“ఎక్కనీ లేప్పా. గుచ్చుకుంటే వాళ్లే దిగిపోతారు.”

ఈ సందడికి హాలు మేనేజరు వచ్చాడు. యువకుడు, కోటు వేసుకున్నాడు. పురుగులన్నీ ఎగిరి హాలంతా నిండిపోతాయని ఆయన భయం. పట్టుచిట్టెలు ఎగరలేవనీ, వాటికి తినడానికి నోరే పనిచేయదనీ, ఏ బట్టనూ కొరకవనీ నేను కన్నడంలో నిదానంగా చెప్పాను. ఎగరని పురుగుకు రెక్కలెందుకని ఆయన అడిగాడు. అది నన్ను అడగవలసిన ప్రశ్న కాదు. ఆయన పది నిమిషాల్లో ఒక కాగితం తెచ్చి స్టాలు ముందు అంటించాడు. కీటకాల కారణంగా మూసివేయబడినది అని రాసి, టైము వేసి, సంతకం పెట్టి ఉంది. మా కరెంటు కూడా తీయించాడు. చెప్పాలంటే ఆ నాలుగు రోజుల్లో మాకు వచ్చిన మొదటి రాతపూర్వకమైన జవాబు అదే.

నేను కుర్చీలో కూర్చుని కాగితం, పెన్ను తీశాను. జరిగినదంతా సమన్వయాధికారికి నివేదించి, స్టాలు కట్టేసి వెళ్లిపోదామని. అప్పుడు మునిరత్నమ్మ నా ఎదురుగా వచ్చి నిలబడింది. ఈసారి ఎగతాళి లేదు.

“సార్, రెండు వంతులు ఇంగా గట్టిగానే ఉండాయి. సాయంత్రానికి అవీ పోతాయి. ఇప్పుడన్నా ఆవిరి పెట్టనిస్తావా, కాగితమే రావల్లనా? ఈ పొద్దు చరఖా తిరక్కుంటే వచ్చే యేడు మనల్ని ఎవురూ పిల్చరు. నీకి పెన్షనొస్తాది. నాకి ఈ మూడు దినాలు మళ్లీ రావు.”

నేను పెన్ను జేబులో పెట్టుకున్నాను. ఆవిరి పెట్టమన్నాను. పెద్ద మాటేమీ కాదు. కానీ ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత రాతలో లేని పనికి నేను ఇచ్చిన మొదటి ఆజ్ఞ అది.

కరెంటు లేదు కాబట్టి ఆవిరి ఎక్కడ అన్నది ప్రశ్న. హాలు వెనుక క్యాంటీను నడుస్తోంది. మునిరత్నమ్మ బుట్ట ఎత్తుకుని నేరుగా అక్కడికి నడిచింది, వెనకాలే నేను, ఎందుకో గంగులప్ప కూడా. చిక్కబళ్లాపురం వంటాయన ఇడ్లీలు దించుతున్నాడు. ఆమె అడిగింది విని ఆయన గరిటె పట్టుకుని అడ్డం నిలబడ్డాడు.

“అమ్మా, ఇది శాకాహారం క్యాంటీను. ఇడ్లీ పాత్రలో పురుగులు ఉడకబెడితే మనుషులు తినల్లనా, పోవల్లనా?”

“నీ మంచి పాత్ర యెవురడిగినారప్పా? ఆ మూల సొట్టపోయింది ఉండాది గదా, అదియ్యి. మళ్లీ వాడుకోవద్దు. మా కొట్టంలో కొత్తది ఉండాది, రేపు తెచ్చిస్తా.”

సొట్టపోయిన పాత్ర ఇచ్చాడు. ఆచారం పాటించే ఇంట్లో పెరిగిన నేను ఇడ్లీ పాత్ర మూత పట్టుకుని నిలబడ్డాను. గంగులప్ప, మునిరత్నమ్మ కలిసి గూళ్లు ఏరారు. చిట్టె రాబోయే గూటికి ఒక కొస తడిగా ఉంటుంది. పురుగు లోపలి నుంచి రసం పూసి దాన్ని మెత్తబరుస్తుంది. ఆమె వేలితో ఒక్కో కొసా తడిమి, పొడిగా ఉన్నవి పాత్రలోకి, తడిసినవీ చిల్లుపడినవీ పక్కకు వేసింది. అరగంట ఆవిరి పట్టాక ఒక గూడు కోసి చూసి చాలన్నది.

పక్కన మిగిలిన గూళ్ల కుప్పను నేను పారేయడానికి ఎత్తాను. గంగులప్ప నా చేయి పట్టుకున్నాడు. ఒక గూటిని వేళ్లతో పీకి చూస్తున్నాడు.

“ఉన్ని మాదిరే ఉండాదే సామీ. లాగేదానికి రాకుంటే వడికేదానికి వస్తాది. ఏమమ్మా, రాదా?”

“బంక పోవల్ల. సోడా వేసి ఉడకబెడితే వస్తాది,” అంది ఆమె. “నీ కదురుకి పట్టు ఎక్కల్లని రాసి పెట్టుండాది పో.”

అవీ ఆ పాత్రలోనే ఉడికాయి.

పదకొండు దాటాక సమన్వయాధికారి వచ్చాడు, మేనేజరు కూడా. ప్రాణమున్న పురుగులు ఇంకా ఉన్నాయా అని అడిగారు. మునిరత్నమ్మ బుట్టను మేనేజరు చెవి దగ్గర పెట్టి ఆడించింది. “ఇనుప్పా, ఏమన్నా కదుల్తాండాదా?” ఆయన ఒక అడుగు వెనక్కి వేసి, లేదన్నాడు. చిట్టెలను మేం అప్పటికే అట్టపెట్టెలో పెట్టి మూత వేశాం. సమన్వయాధికారి నవ్వి, ఇక నడిపించండి అన్నాడు. మేనేజరు తన చేతులతోనే కాగితం పీకేశాడు. కరెంటు వచ్చింది.

ఆ అనుమతిని రాసి ఇమ్మని నేను అడగబోయాను. కాగితం పీకేశాక ఇంకేం రాత, వెళ్లి పని చూసుకోండి అన్నాడాయన, నా భుజం మీద చేయి వేసి. తొట్టిలో నీళ్లు మరుగుతున్నాయి. మునిరత్నమ్మ పుల్లల కట్ట చేతిలోకి తీసుకుంది. నేను ఊరుకున్నాను.

చరఖా తిరిగింది. ఆ మధ్యాహ్నం నుంచి మూడో రోజు హాలు మూసేదాకా తిరిగింది. డేరాల రోజుల్లో మా మూలకు వచ్చేవాళ్లు దారితప్పి వచ్చేవాళ్లే. ఇక్కడ అట్లా కాదు. యంత్రాలు అమ్మేవాళ్లు, కొనేవాళ్లు సరే, మా వైపు రైతులు కుటుంబాలతో దిగారు. రెండో రోజు నాగరగెరె నుంచి వచ్చిన ఒక రైతు తొట్టి ముందు చాలాసేపు కదలకుండా నిలబడ్డాడు.

“ముప్పై ఏండ్లాయ సామీ గూడు పెట్టబట్టి,” అన్నాడు నాతో. “బండికెత్తి మార్కెట్టుకు పంపేవరకే మాకి తెలుసు. దారం ఇట్ల వస్తాదని ఈ పొద్దు సూస్తాండా.”

ఆయన భార్య వెనుక నుంచి తోసుకుని వచ్చింది. “రేత్రింబగుళ్లు మేపింది నేను. ముందర నన్ను నిలబడనీ.”

మునిరత్నమ్మ చక్రం ఆపకుండానే ఆమెను దగ్గరికి పిలిచి, పరుగెడుతున్న దారాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకోమంది. “మెల్లగా అమ్మా. మీ గూడేనేమో ఇది, ఎవురికి తెలుసు.” ఆ రైతు భార్య పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. నా ముప్పై నాలుగేళ్ల సర్వీసులో రైతులకు ఎన్నో చేసి చూపించాను. వాళ్ల కష్టం చివరికి ఏమవుతుందో ఒక్కసారి కూడా చూపించలేదని నాకు అప్పుడు తట్టింది. ఏ శిక్షణలోనూ మాకు అది చెప్పలేదు.

పక్క స్టాలులో గంగులప్ప ఉడికిన గూళ్లను ఆరబెట్టి, పీకి, కదురు మీద వడికాడు. దారం ముద్దలు ముద్దలుగా, కాస్త మోటుగా వచ్చింది. ఒక విదేశీ కొనుగోలుదారు మునిరత్నమ్మ దారాన్ని ఒక చేతిలో, గంగులప్పదాన్ని ఒక చేతిలో పట్టుకుని, రెండూ ఒకే రకం గూళ్లవా అని మూడుసార్లు అడిగాడు. గంగులప్పకు అదంతా గర్వమే. “నాది మొండి పట్టు, ఆమెది బుద్ధిమంతురాలి పట్టు,” అని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు.

సందర్శకుల పుస్తకంలో మూడు రోజుల తేదీలతో సంతకాలు ఉన్నాయి. నాగరగెరె దంపతుల్లో ఆయన సంతకం పెట్టాడు, ఆమె వేలిముద్ర వేసింది. ఆ పుస్తకం నా దగ్గర ఉంది.

కొన్ని నెలల తర్వాత సమితి నివేదిక అచ్చయి వచ్చింది. మంచి కాగితం, రంగు ఫోటోలు. స్టాళ్ల పట్టికలో మా పేరు ఎదురుగా ఇట్లా ఉంది: ‘కీటకాల కారణంగా మూసివేయబడినది. ప్రత్యక్ష ప్రదర్శన జరగలేదు.’ ఎవరో పగబట్టి రాశారని నేను అనను. మూసిన కాగితం నకలు ఫైలులో ఉంది. తెరిచిన కాగితం లేదు, ఎందుకంటే అది పుట్టనే లేదు. పట్టిక రాసిన గుమాస్తా ఫైలు చూసి రాశాడు. అతని స్థానంలో నేనున్నా అదే రాసేవాణ్ని.

మరుసటి యేడు మా చోటు ఇవ్వలేదు. అక్కడ మనిషెత్తు ప్లాస్టిక్ పట్టుగూడు పెట్టి, జనం పక్కన నిలబడి ఫోటోలు దిగే ఏర్పాటు చేశారు. ఆ తర్వాతి యేడు కూడా అంతే. నేను అప్పటికి రిటైరయ్యాను. సమితికి ఇప్పటిదాకా పదకొండు ఉత్తరాలు రాశాను. సమాచార హక్కు కింద అడిగితే, మీ అర్జీని సంబంధిత విభాగానికి పంపామన్నారు. సంబంధిత విభాగం ఏదని అడిగితే దానికి జవాబు లేదు. సమన్వయాధికారి ఫోనులో దొరికితే ఇప్పటికీ ఆప్యాయంగానే మాట్లాడతాడు. అన్నీ గుర్తున్నాయంటాడు, ఇడ్లీ పాత్రతో సహా. రాసి ఇవ్వమంటే మాత్రం పాతవి ఇప్పుడెందుకంటాడు.

పాతవి కావు. మునిరత్నమ్మ ప్రతి యేడూ దసరా కాగానే చరఖాకు నూనె పెట్టి నాకు ఫోను చేస్తుంది. “ఈ తూరి అన్నా పిల్చినారా సార్?” అని. లేదని చెబితే, “సరే లేప్పా, నీ ఉత్తరాలు నువ్వు రాయి, నా నూనె నేను పెడతా,” అని ఫోను పెట్టేస్తుంది. ఒక్కసారి కూడా నన్ను తప్పుపట్టలేదు. పట్టవలసిన తప్పు ఉంది.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇది. నోటిమాట మీద చేసేయాల్సిన పనికి నేను నాలుగు రోజులు కాగితం కోసం ఆగాను. కాగితం పట్టుబట్టి అడగాల్సిన క్షణంలో నోటిమాటకు సంతోషపడ్డాను. ప్రాణమున్న సరుకు దగ్గర ముందు పని చేయాలి, తర్వాత రాసుకోవాలి. మనిషి హక్కు దగ్గర ముందు రాయించుకోవాలి, తర్వాతే కాఫీ తాగాలి. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు ఈ రెండింటి తేడా తెలుసుకుంటే మేలు. నేను తెలుసుకునేసరికి సర్వీసు అయిపోయింది. గూళ్లు చెడిపోవడానికి సగం బాధ్యత నాది, అది ఇక్కడ నా పేరు మీద ఒప్పుకుంటున్నాను. నివేదికలోని ఆ ఒక్క వాక్యం బాధ్యత నాది కాదు.

కాబట్టి ప్రదర్శన సమితిని ఈ పన్నెండోసారి బహిరంగంగా అడుగుతున్నాను. సన్మానం వద్దు, క్షమాపణ వద్దు. నన్ను పిలవకపోయినా పరవాలేదు. శిడ్లఘట్ట రీలరు మునిరత్నమ్మ ఆ మూడు రోజులూ మీ హాలులో దారం తీసిందా, లేదా? తీసిందంటే ఆ వాక్యం కొట్టేసి ఆమె చోటు ఆమెకు ఇవ్వండి. తీయలేదంటే అదే మాట కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి, నాకు కాదు, ఆమెకు పంపండి.